పోవడం తప్పా, మధ్యలో వదిలేసి రావడం తప్పా? పరాయి దేశాల్లో సైన్యాల గురించి మన చర్చ

శేషాచలం_చల్లగాలి · సోమవారం, రాత్రి 8:40

అందరికీ నమస్కారం. నేను తిరుపతిలో డిగ్రీ పిల్లలకి పాఠాలు చెబుతాను. ఈ నెల మా పిల్లల చర్చా పోటీకి ఒక అంశం పెట్టాం: అల్లకల్లోలంగా ఉన్న పరాయి దేశంలోకి సైన్యాన్ని పంపొచ్చా, పంపితే ఎప్పుడు వెనక్కి పిలవాలి? వాళ్ళు సిద్ధమవుతుంటే వింటున్నాను. అందరూ కాబూల్ విమానాశ్రయం దగ్గరే మొదలుపెడుతున్నారు. 2021 ఆగస్టులో అమెరికా సైన్యం వెళ్ళిపోతుంటే కదులుతున్న విమానం పక్కన జనం పరిగెత్తిన వీడియో చూసి పెరిగిన పిల్లలు కాబట్టి అందులో తప్పేమీ లేదు. కానీ విడి దేశం కోసం పోరాడే తమిళ టైగర్లకీ (ఎల్టీటీఈ), లంక ప్రభుత్వానికీ మధ్య యుద్ధం ఆపడానికి మన దేశమే 1987లో శ్రీలంకకి సైన్యాన్ని పంపిందనీ, 1990 మార్చిలో వెనక్కి పిలిపించిందనీ, దాదాపు 1,200 మంది మన సైనికులు అక్కడ ప్రాణాలు వదిలారనీ చాలామందికి తెలియదు. శ్రీపెరంబుదూరు మీదుగా చెన్నైకి వెళ్ళొస్తుంటారు. అక్కడ 1991 మే 21న రాజీవ్ గాంధీని ఎవరు చంపారో చెబుతారు, ఎందుకు చంపారంటే ఆగిపోతారు.

నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. పరాయి దేశంలో అడుగుపెట్టిన ఏ సైన్యమైనా అక్కడి మనుషుల్లో కొందరిని తన వైపు తిప్పుకుంటుంది. దారి చూపేవాళ్ళు, వాళ్ళ మాట మనకీ మన మాట వాళ్ళకీ చెప్పిపెట్టేవాళ్ళు, మనం నిలబెట్టిన ప్రభుత్వంలో పదవి తీసుకున్నవాళ్ళు. మనం వచ్చేశాక వాళ్ళ గతేమిటి? దీనికి జవాబు లేకుండా సైన్యాన్ని పంపడం అన్యాయం అంటాను. ఒప్పుకోనివాళ్ళు గట్టిగా వాదించండి. ఈ చర్చ పిల్లలకి చూపిస్తాను.

మామిడి_మండి_చిత్తూరు · సోమవారం, రాత్రి 9:05

మేడమ్, నా మాట సూటిగా చెబుతా. పోకూడదు. పక్కింట్లో అన్నదమ్ములు పొలం గట్టు కోసం కొట్టుకుంటుంటే మనం కర్ర పట్టుకుని మధ్యలో దూరితే, సాయంత్రానికి ఇద్దరూ ఒకటై మన తలే పగలగొడతారు. శ్రీలంకలో జరిగింది అక్షరాలా అదే. ప్రేమదాస అధ్యక్షుడయ్యాక టైగర్లతో చర్చలు పెట్టుకుని, మన సైన్యం మీద పోరాడమని వాళ్ళకే ఆయుధాలు ఇప్పించాడు. ఏ దేశం ముక్కలు కాకూడదని మనం పోయామో ఆ దేశాధ్యక్షుడే ఈ పని చేశాడు! ఆయన్నీ చివరికి 1993 మే డే రోజున టైగర్లే చంపారు.

ఇక అమెరికా సంగతి. ఆఫ్ఘనిస్తాన్‌లో 20 ఏళ్ళు ఉండి 2 లక్షల కోట్ల డాలర్లకు పైగా ఖర్చుపెట్టారు. ఎవరిని దించారో ఆ తాలిబాన్ల చేతికే దేశం అప్పజెప్పి వచ్చారు. ఇంకేం వాదన కావాలి?

పలమనేరు_మాస్టారు · సోమవారం, రాత్రి 10:20

అమ్మా, మంచి అంశం పెట్టావు. మండి తమ్ముడు ముగింపు చెప్పాడు, నేను మొదలు చెబుతాను. ఎందుకంటే మనవాళ్ళు ఉన్నట్టుండి ఒకరోజు ఓడ ఎక్కి పోలేదు.

1983 జూలైలో కొలంబోలో తమిళుల మీద జరిగిన దాడులతో వేలమంది తమిళనాడుకు పారిపోయి వచ్చారు. ఆ తర్వాత మన ప్రభుత్వమే తమిళ మిలిటెంట్ గ్రూపులకి ఇక్కడ శిక్షణ ఇప్పించింది. టైగర్లు వాటిలో ఒకటి. 1987 నాటికి శ్రీలంక సైన్యం ఉత్తరాన తమిళులుండే జాఫ్నాను దిగ్బంధించింది. ఆకలితో ఉన్న జనానికి పడవల్లో సరుకులు పంపితే లంక నౌకాదళం వెనక్కి తిప్పేసింది. జూన్ 4న మన విమానాలు జాఫ్నా మీద బియ్యం, పప్పు జారవిడిచాయి. ఆ దెబ్బతో అప్పటి లంక అధ్యక్షుడు జయవర్ధనే దారికొచ్చాడు. జూలై 29న కొలంబోలో ఒప్పందం జరిగింది. మరునాడే గౌరవ వందనం తీసుకుంటున్న రాజీవ్ మీద ఒక లంక నావికుడు తుపాకీ మడమతో దాడి చేశాడు. అప్పటికే మన సైన్యం జాఫ్నాలో దిగుతోంది. మొదట పోయిన 54వ డివిజన్ మన సికింద్రాబాద్ నుంచి పోయిందే.

ఇప్పుడు అసలు సంగతి. ఆ ఒప్పందం మీద సంతకాలు పెట్టింది రెండు ప్రభుత్వాలు. యుద్ధం చేస్తున్న టైగర్లు పెట్టలేదు. ఆయుధం పట్టినవాడు సంతకం పెట్టని ఒప్పందానికి మూడోవాడు కాపలా కాయాల్సి వచ్చింది. ముప్ఫై మూడేళ్ళ తర్వాత, 2020 ఫిబ్రవరి 29న, దోహాలో అమెరికా ఇదే పని తిరగేసి చేసింది. ఆఫ్ఘనిస్తాన్ నుంచి వచ్చేయడానికి తాలిబాన్లతో సంతకం చేసింది, కాబూల్ ప్రభుత్వాన్ని బల్ల దగ్గర కూర్చోనివ్వలేదు. రేపు అక్కడే బతకాల్సినవాడు లేకుండా రాసుకున్న కాగితాలు ఇవి. పోయేటప్పుడైనా, వచ్చేటప్పుడైనా నేను ముందు చూసేది ఇదే. సంతకాల్లో ఎవరు లేరు?

సిగ్నల్స్_నాయక్ · మంగళవారం, ఉదయం 6:15

మాస్టారు చెప్పింది నిజం. అప్పుడు శ్రీలంకకి పోయిన మన శాంతి సేనలో నేనున్నాను. మాది చిత్తూరు పక్కన పల్లె. ఇన్నేళ్ళలో ఈ విషయం ఎవరూ అడగలేదు, మేడమ్ అడిగారు కాబట్టి రాస్తున్నా.

1987 ఆగస్టులో పలాలి విమానాశ్రయంలో దిగాం. మొదట్లో జనం దండలేశారు. కొబ్బరి బొండాలు కొట్టి ఇచ్చేవాళ్ళు. ఆగస్టు 5న ఆయుధాలు అప్పగించే కార్యక్రమం పెట్టారు. ఇచ్చింది కొంచెం, దాచుకుంది చానా. అక్టోబరు మొదట్లో పట్టుబడిన టైగర్ నాయకులని కొలంబోకు తీసుకుపోతామని లంక సైన్యం పట్టుబట్టింది, వాళ్ళు సైనైడ్ మింగారు. అంతే, పరిస్థితి తిరగబడింది. అక్టోబరు 10 నుంచి మేం యుద్ధంలో ఉన్నాం. శాంతి కాపాడ్డానికి వచ్చినోళ్ళం, జనం కళ్ళకి ఆక్రమించుకోవడానికి వచ్చినోళ్ళం అయిపోయాం. మాకు కొత్తగా ఎవరూ ఏదీ చెప్పలేదు. మీ పని ఇక ఇది, ఇంతవరకు చేస్తే అయిపోయినట్టు అని చెప్పిన కాగితం నేను చూడలేదు.

జాఫ్నా అంటే తాటాకు దడులు, వాటి మధ్య సన్నటి సందులు. ఏ దడి వెనకాల ఎవరున్నారో తెలీదు. కల్వర్టు కింద డబ్బాలో మందుగుండు కూరి, వైరు పొలంలోకి లాగి కూర్చునేవాళ్ళు. పొద్దున్నే బండ్లు కదిలే ముందు రోడ్ ఓపెనింగ్ పార్టీ నడుచుకుంటూ పోవాలి. రోడ్డు అంచున మట్టి రంగు మారిందా, కొత్తగా తవ్విన జాడ ఉందా అని చూసుకుంటూ ఒక్కో అడుగు వేయాలి.

నాకు అరవం వచ్చు కాబట్టి కొన్నాళ్ళు చెక్‌పోస్టులో నిలబెట్టారు. ఒకరోజు ఒక తల్లి వచ్చింది, చేతిలో కొడుకు పరీక్ష హాల్ టికెట్. పొద్దున సోదాల్లో పట్టుకుపోయినోళ్ళలో మా వాడున్నాడు, వాడు చదువుకునే పిల్లోడు, ఇదిగో చూడు నాయనా అని ఆ కాగితం నా ముఖానికి దగ్గరగా పెట్టింది. ఆమె చెప్పింది నేను హిందీలో మా సాబ్‌కి చెప్పాను. సాబ్ అడిగింది అరవంలో ఆమెకి చెప్పాను. ఆ పిల్లోడు టైగరో కాదో ఆయనకి తెలీదు, నాకూ తెలీదు. సాయంత్రానికి వదిలారు. అందర్నీ అట్లా వదల్లేదు.

నా మటుకు నాకు పోవడం తప్పని తేల్చి చెప్పలేను. పని ఏమిటో చెప్పకుండా పంపడం మాత్రం తప్పు.

కాణిపాకం_కుర్రోడు · మంగళవారం, ఉదయం 9:30

నాయక్ అన్నకి సెల్యూట్. అయితే మన సైన్యం పోయి గెలిచి, మాట నిలబెట్టుకుని వచ్చిన సందర్భాలు కూడా పిల్లలకి చెప్పాలి కదా? 1971లో తూర్పు పాకిస్తాన్ (ఇప్పటి బంగ్లాదేశ్) నుంచి కోటి మంది శరణార్థులు మన దేశంలోకి వచ్చారు. డిసెంబరు 3న యుద్ధం మొదలైంది, 16న ఢాకాలో 93 వేల మంది పాకిస్తానీలు లొంగిపోయారు. 1972 మార్చికల్లా మన సైన్యం ఇంటికొచ్చింది. మాల్దీవుల్లో 1988 నవంబరు 3న తిరుగుబాటు జరిగితే, అదే రాత్రి ఆగ్రా నుంచి మన పారాట్రూపర్లు అక్కడి హుల్‌హులే విమానాశ్రయంలో దిగారు. అధ్యక్షుడు గయూమ్‌ని కాపాడారు. ఓడలో బందీలతో పారిపోతున్నోళ్ళని మన నౌకాదళం వెంటాడి పట్టుకుంది. పోకూడదు అనేవాళ్ళు వీటికి ఏం జవాబిస్తారు?

మామిడి_మండి_చిత్తూరు · మంగళవారం, ఉదయం 10:10

తమ్ముడూ, మాల్దీవుల్లో అధ్యక్షుడు ఫోన్ చేసి పిలిచాడు. ఢాకాలో జనమే పిలిచారు. ఆ రెంటికీ నేను వ్యతిరేకం కాదు. అయినా చూడు, అదే మాల్దీవుల్లో 2023లో భారత సైనికులు వెళ్ళిపోవాలన్న ప్రచారంతో ముయిజ్జు అధ్యక్షుడిగా గెలిచాడు. అక్కడ మనోళ్ళు ఉన్నది వందమంది కూడా కాదు, హెలికాప్టర్లు నడిపి రోగుల్ని తరలించే పనిలో ఉన్నారు. 2024 మే నెలకల్లా వాళ్ళనీ వెనక్కి పిలిపించుకోవాల్సి వచ్చింది. సాయం చేసినా పరాయి యూనిఫాం కొన్నాళ్ళకి కంట్లో నలుసవుతుంది.

పలమనేరు_మాస్టారు · మంగళవారం, మధ్యాహ్నం 1:15

1971 గురించి ఒక్క మాట. అక్కడ సైన్యం బాగా పోరాడింది, నిజమే. కానీ త్వరగా రాగలిగింది మరో కారణం వల్ల. బంగ్లాదేశ్ నాయకుడు ముజీబ్ 1972 జనవరి 10న ఢాకా చేరాడు. ఎన్నికల్లో గెలిచిన నాయకుడు, జనం దేవుడిలా చూసే మనిషి. మన సైన్యం తాళాలు ఇవ్వడానికి ఒక చెయ్యి సిద్ధంగా ఉంది. జాఫ్నాలో ఆ చెయ్యి లేదు. మనం ఎన్నికలు పెట్టి లంక ఉత్తర–తూర్పు రాష్ట్రానికి వరదరాజ పెరుమాళ్‌ను ముఖ్యమంత్రిని చేశాం, కానీ మన తుపాకుల నీడ దాటి ఆయన బయటికి రాలేని పరిస్థితి.

పీలేరు_టు_కువైట్ · మంగళవారం, రాత్రి 11:50

ఇక్కడ డ్యూటీ అయ్యాక రాస్తున్నాను, ఆలస్యమైంది.

మండి అన్న పోకూడదు అంటున్నాడు. 1990 ఆగస్టు 2న ఇరాక్ అధ్యక్షుడు సద్దాం సైన్యం కువైట్‌లోకి వచ్చినప్పుడు మా నాన్న ఇక్కడ ఒక ఇంట్లో డ్రైవర్. పాస్‌పోర్టు యజమాని దగ్గర, యజమాని సౌదీకి పారిపోయాడు. ఇరాక్ వాళ్ళు కువైట్ దినార్‌ని వాళ్ళ దినార్‌తో సమానం చేసేశారు, దాచుకున్న డబ్బు ఒక్కరోజులో ఎందుకూ పనికిరాకుండా పోయింది. బస్సుల్లో బాగ్దాద్ మీదుగా అమ్మాన్ చేరి, అక్కడ గుడారాల్లో ఉండి, ఎయిరిండియా విమానంలో బొంబాయి వచ్చాడు. అట్లా లక్షమందికి పైగా మనోళ్ళని తీసుకొచ్చారు. పీలేరు, రాయచోటి, రాజంపేట వైపు పాతవాళ్ళని అడగండి, ఆ ప్రయాణం కథలు కథలుగా చెబుతారు.

ఆ రోజు ప్రపంచమంతా మాకెందుకు అనుకుని ఉంటే కువైట్ అనే దేశమే ఉండేది కాదు. ఐక్యరాజ్య సమితి తీర్మానం చేసింది, జనవరి 15 దాకా గడువిచ్చింది, వినకపోతే దాడి చేశారు. భూమి మీద యుద్ధం 100 గంటలు. కువైట్ నుంచి తరిమేయడమే లక్ష్యం, అది కాగానే ఆపేశారు. మా నాన్న మళ్ళీ వచ్చాడు, ఇప్పుడు నేనున్నాను. మా చెల్లెలి పెళ్ళి, మా ఇల్లు, అన్నీ ఆ తర్వాత సంపాదించినవే. ఏ దేశం సైన్యమూ ఎక్కడికీ పోకూడదు అంటే నాకు మింగుడుపడదు.

శేషాచలం_చల్లగాలి · బుధవారం, ఉదయం 7:30

తమ్ముడూ, మీ నాన్నగారి అనుభవం పిల్లలకి తప్పకుండా చెబుతాను. కువైట్ విషయంలో నీతో నేనూ ఏకీభవిస్తాను. కాకపోతే ఆ 100 గంటల తర్వాత సరిహద్దు అవతల జరిగింది కూడా చూడాలి. ఇరాక్ ప్రజలే తమ చేతుల్లోకి తీసుకుని సద్దాంని దించాలని 1991 ఫిబ్రవరిలో అమెరికా అధ్యక్షుడు బుష్ పిలుపిచ్చాడు. దక్షిణాన షియాలు, ఉత్తరాన కుర్దులు నమ్మి తిరగబడ్డారు. కాల్పుల విరమణ మాటల్లో ఇరాక్‌కి హెలికాప్టర్లు ఎగరేసుకోవడానికి అనుమతి ఇచ్చారు. ఆ హెలికాప్టర్లతోనే సద్దాం వాళ్ళని ఊచకోత కోయించాడు. అమెరికా సైన్యం అప్పటికి ఇంకా దక్షిణ ఇరాక్‌లోనే ఉంది. కువైట్‌కి ఇచ్చిన మాట నిలబెట్టుకున్నారు. పిలుపు విని వీధుల్లోకి వచ్చినవాళ్ళకి మాత్రం ఎవరూ జవాబుదారీ కాలేదు.

ఎస్వీయూ_పాలిటిక్స్ · బుధవారం, ఉదయం 11:00

మేడమ్, నేను పీజీ విద్యార్థిని. పోకపోవడం గురించి, మధ్యలో రావడం గురించి ఒకే ఉదాహరణ చెబుతాను. రువాండా.

1994 ఏప్రిల్‌లో అక్కడ టుట్సీ తెగవాళ్ళ ఊచకోత మొదలైనప్పుడు ఐక్యరాజ్య సమితి శాంతి దళం అక్కడే ఉంది. మొదటిరోజే 10 మంది బెల్జియం సైనికుల్ని చంపేశారు. చంపినవాళ్ళకి లెక్క తెలుసు. ఆరు నెలల ముందు సోమాలియాలో 18 మంది అమెరికా సైనికులు చనిపోతే అమెరికా ఇంటికి పోతానని ప్రకటించింది. అదే మంత్రం ఇక్కడా పనిచేసింది, బెల్జియం వెళ్ళిపోయింది. రాజధాని కిగాలీలో ఒక సాంకేతిక పాఠశాల ఉంది. బెల్జియం సైనికులు ఉన్నారన్న ధైర్యంతో అక్కడ 2 వేల మంది దాకా తలదాచుకున్నారు. ఏప్రిల్ 11న సైనికులు జీపులెక్కి వెళ్ళిపోయారు. జనం బండ్లకి అడ్డంగా పడుకున్నారు. మమ్మల్ని వాళ్ళ చేతికి వదలొద్దు, మీరే కాల్చేసి పొండి అని బతిమాలినవాళ్ళు ఉన్నారు. గేటు బయట కత్తులతో కాచుకున్నవాళ్ళు ఆ సాయంత్రమే దాదాపు అందర్నీ చంపేశారు. ఆ నెలలోనే భద్రతా మండలి శాంతి దళాన్ని 270 మందికి కుదించింది. 100 రోజుల్లో 8 లక్షల మంది పోయారు.

మండి మావయ్య గారు ఈ 2 వేల మందికి ఏం చెబుతారో వినాలని ఉంది. మా జోలికి రాలేదు కదా అని ఊరుకోవడమూ ఒక నిర్ణయమే, దానికీ రక్తం అంటుతుంది.

మామిడి_మండి_చిత్తూరు · బుధవారం, మధ్యాహ్నం 12:20

అమ్మాయ్, చదువుతుంటే గుండె బరువెక్కింది. అందులో వాదన లేదు. నా భయం వేరే. రక్షించడానికి పోతున్నాం అని చెప్పి పోయినవాళ్ళు చేసింది చూడు. 2011లో లిబియా జనాన్ని కాపాడాలని భద్రతా మండలి తీర్మానం చేస్తే మన దేశం ఓటుకి దూరంగా ఉంది. ఆ కాగితం పట్టుకుని నాటో దేశాలు అక్కడ ఏలుతున్న గడాఫీని దించేదాకా బాంబులేశాయి. ఆ తర్వాత ఆ దేశం రెండు ప్రభుత్వాల కింద చీలిపోయింది. 2003లో ఇరాక్‌కి మన సైన్యాన్ని పంపమని అమెరికా అడిగితే, ఐక్యరాజ్య సమితి ఆదేశం లేకుండా పంపం అని వాజ్‌పేయి ప్రభుత్వం ఆ జూలైలో చెప్పేసింది. పంపి ఉంటే మన ఊరి పిల్లలెంతమంది శవపేటికల్లో వచ్చేవాళ్ళో ఆలోచించు. ఎవరు నిజంగా కాపాడ్డానికి పోతున్నారు, ఎవరు సాకు వెతుక్కుంటున్నారు అన్నది ముందుగా ఎట్లా తెలుస్తుంది? అది చెప్పు, నేను ఒప్పుకుంటా.

నిర్వాహకులు · బుధవారం, మధ్యాహ్నం 2:00

మనవి: శ్రీలంకకి సైన్యాన్ని పంపిన పార్టీని, వెనక్కి పిలిచిన పార్టీని తిడుతూ వచ్చిన కొన్ని వ్యాఖ్యలు తీసేశాం. విషయం మీద ఎంత గట్టిగానైనా రాయండి.

తడ_సరిహద్దు · బుధవారం, రాత్రి 9:40

మాది తడ. మా ఊరు దాటితే గుమ్మిడిపూండి, అక్కడ శ్రీలంక శరణార్థుల క్యాంపు ఉంది. మీరంతా ఢిల్లీ, కొలంబో, కాబూల్ గురించి మాట్లాడుతున్నారు. యుద్ధం మిగిల్చింది చూడాలంటే మనకి కొద్ది గంటల ప్రయాణం చాలు.

నేను పెయింటింగ్ కాంట్రాక్టులు చేస్తాను. క్యాంపు కుర్రాళ్ళు నా దగ్గర పనికొస్తారు. మన సైన్యం తిరిగొచ్చిన మూడు నెలలకి, 1990 జూన్‌లో, లంకలో మళ్ళీ యుద్ధం మొదలైంది. తూర్పున లొంగిపోయిన వందలమంది పోలీసుల్ని టైగర్లు చంపారు. అటువైపు లంక సైన్యం తమిళ పల్లెల మీద పడింది. జనం మళ్ళీ పడవలెక్కారు. అట్లా వచ్చినవాళ్ళకి ఇక్కడ పుట్టిన పిల్లలు నా పనివాళ్ళు. ఇక్కడే బడికి పోయారు, ఇక్కడే పెళ్ళిళ్ళు చేసుకున్నారు, ఇప్పటికీ శరణార్థులే. వేరే ఊళ్ళో నాలుగు రోజుల పని దొరికితే క్యాంపులో చెప్పి, హాజరు తీసుకునే రోజుకి తిరిగిరావాలి. ఆ రోజు లెక్కలో లేకపోతే సాయం డబ్బు ఆగుతుందేమో అని టెన్షన్. నెల్లూరు వైపు పెద్ద పని వచ్చినా వాళ్ళు రాలేకపోవడం నేను చూస్తూనే ఉన్నాను.

మన సైన్యం ఉండి ఉంటే ఆగేదా అంటే నేను చెప్పలేను. సైన్యం వెనక్కి వచ్చాక మన బాధ్యత కూడా ఓడతో పాటే వచ్చేసిందని అనుకోవడాన్ని మాత్రం ఒప్పుకోను. ఈ పిల్లలకి పౌరసత్వం ఇవ్వకుండా ఇన్నేళ్ళు నాన్చడం ఆ యుద్ధంలో భాగమే.

పలమనేరు_మాస్టారు · గురువారం, ఉదయం 6:50

తడ తమ్ముడు మంచి మాట అన్నాడు. వెనక్కి రావడం అంటే అందరూ ఒకే రకంగా రారు. ఆఫ్ఘనిస్తాన్ నుంచే రెండు దేశాలు వెనక్కొచ్చాయి, పోల్చి చూడండి.

సోవియట్ సైన్యం 1989 ఫిబ్రవరి 15న సరిహద్దు నది ఆమూ దరియా వంతెన దాటి వెళ్ళిపోయింది. వాళ్ళు కాబూల్‌లో నిలబెట్టిన నజీబుల్లా ప్రభుత్వం వారాల్లో కూలిపోతుందని అందరూ అన్నారు. మూడేళ్ళు నిలబడింది. కారణం, సైనికులు పోయినా డీజిల్, గోధుమలు, ఆయుధాలు, డబ్బు వస్తూనే ఉన్నాయి. సోవియట్ యూనియనే కూలి ఆ సరఫరా ఆగాక, 1992 ఏప్రిల్‌లో కాబూల్ పడిపోయింది.

అమెరికా దీనికి పూర్తి వ్యతిరేకం. ఆఫ్ఘన్ సైన్యాన్ని అమెరికా పద్ధతిలో, విమానాల మీద ఆధారపడేలా తయారుచేశారు. ఆ విమానాల్ని బాగుచేసేవాళ్ళు కాంట్రాక్టర్లు. సైన్యంతో పాటు వాళ్ళనీ తీసుకుపోయారు. విమానం ఎగరకపోతే కొండల్లో చిక్కుకున్న చౌకీకి తూటాలు పోవు, తిండి పోదు, గాయపడినవాడు బయటికి రాడు. 2021 జూలై మొదట్లో తమ పెద్ద వైమానిక స్థావరం బగ్రామ్‌ని రాత్రికి రాత్రి ఖాళీచేసి, కొత్తగా బాధ్యత తీసుకోవాల్సిన ఆఫ్ఘన్ కమాండర్‌కి కూడా చెప్పకుండా వెళ్ళారు. చౌకీలో కూర్చున్న సిపాయి ఆ వార్త విని ఏమనుకుంటాడు? ఆగస్టు 15న కాబూల్‌లో కాల్పులు లేకుండానే తాలిబాన్లు లోపలికి వచ్చారు. ఆఫ్ఘన్లు పోరాడలేదని ఎగతాళి చేసేవాళ్ళంటే నాకు కోపం. ఆ 20 ఏళ్ళలో చనిపోయిన ఆఫ్ఘన్ సైనికులు, పోలీసులు కలిపి 60 వేలకు పైనే.

శేషాచలం_చల్లగాలి · గురువారం, ఉదయం 8:05

మాస్టారూ, ఇందులో మన దేశం పాత్ర కూడా ఉంది. మనం అక్కడికి యుద్ధం చేసే సైన్యాన్ని పంపలేదు. జరంజ్–దెలారామ్ రోడ్డు 218 కిలోమీటర్లు వేశాం, హెరాత్ ప్రాంతంలో సల్మా ఆనకట్ట కట్టాం, కాబూల్‌లో పార్లమెంటు భవనం కట్టి ఇచ్చాం. మంచి పనులు. కానీ 2021 ఆగస్టు చివర, మన దేశం బయట ఉన్న ఆఫ్ఘన్లకి అంతకుముందు ఇచ్చిన వీసాలన్నీ ఒక్క ప్రకటనతో రద్దు చేశాం. అందులో మన విశ్వవిద్యాలయాల్లో చదువుతూ సెలవులకి ఇంటికెళ్ళిన పిల్లలు కూడా ఉన్నారు. తుపాకీ పట్టుకుని పోకపోయినా మనల్ని నమ్మినవాళ్ళు ఉంటారు. నా బాధ అక్కడే.

మండి అన్న అడిగినదానికి నాకు తోచింది చెబుతాను. నిజంగా కాపాడ్డానికి పోతున్నవాళ్ళు, సాకు వెతుక్కునేవాళ్ళు ముందుగా ఎట్లా తెలుస్తారు అన్నారు. పోయేముందే ఆ దేశపు మనుషుల కోసం ఏం రాసి పెట్టారో చూడండి. ఆయుధాలకి, స్థావరాలకి, రోజువారీ ఖర్చుకి లెక్కలు ఉంటాయి. మాట చెప్పిపెట్టేవాడి కుటుంబానికి ఒక్క పేజీ ఉండదు. ఆ పేజీ లేని చోట కాపాడ్డం అన్న మాటని నేను నమ్మను.

మామిడి_మండి_చిత్తూరు · గురువారం, ఉదయం 9:00

ఆ పేజీ రాసినా చించేసే ప్రభుత్వం తర్వాత వస్తుంది మేడమ్. 1987లో పంపింది ఒకరు, 1990లో పిలిచింది ఇంకొకరు. వాళ్ళిచ్చిన మాటకి వీళ్ళెందుకు కట్టుబడతారు? చట్టంగా పెడితే తప్ప నిలబడదు.

ఎస్వీయూ_పాలిటిక్స్ · గురువారం, ఉదయం 9:45

అయితే చట్టమే పెట్టాలి అనండి మావయ్యా, పోకూడదు అనడం కన్నా అది మెరుగు. సైన్యాన్ని బయటికి పంపే ముందు పార్లమెంటు ఓటు తప్పనిసరి చేయాలని నా వాదన. జర్మనీలో ఆ పద్ధతి ఉంది. మన దగ్గర ప్రభుత్వ నిర్ణయమే చాలు. శ్రీలంక ఒప్పందం జరిగాకే పార్లమెంటుకి చెప్పారు. ఓటు పెడితే ఎందుకు, ఎంతకాలం, ఎట్లా వస్తారు అని ఎవరో ఒకరు లేచి అడుగుతారు.

నాయక్ గారూ, మిమ్మల్ని ఒకటి అడగాలని ఉంది. మీతో కలిసి పనిచేసిన అక్కడి కుర్రాళ్ళు ఏమయ్యారు?

సిగ్నల్స్_నాయక్ · గురువారం, రాత్రి 8:30

అడిగావు కాబట్టి చెబుతా అమ్మా.

1989లో మన సైన్యం వెనక్కొచ్చేస్తుందని తేలిపోయింది. మనం పోయాక పెరుమాళ్ ప్రభుత్వాన్ని కాపాడుకోవడానికి తమిళ జాతీయ సైన్యం అని ఒకటి తయారుచేశారు. మనవాళ్ళే ఆయుధాలు, శిక్షణ ఇచ్చారు. ఇష్టపడి చేరినవాళ్ళు తక్కువ. ట్యూషన్ నుంచి, బస్టాపు నుంచి పట్టుకొచ్చిన పిల్లలు ఎక్కువ. చొక్కా భుజాలు దిగజారిపోయేంత చిన్నవాళ్ళు. రైఫిల్ విప్పి తుడిచి మళ్ళీ బిగించడం కూడా సరిగ్గా రాదు. వైర్‌లెస్ సెట్ ఎట్లా వాడాలో కొందరికి నేనే చూపించాను. బ్యాటరీ అయిపోతే యాడ తెచ్చుకోవాలి అని ఒక పిల్లోడు అడిగాడు. నా దగ్గర జవాబు లేదు, ఎందుకంటే బ్యాటరీలు మన దగ్గర నుంచే పోవాలి, మనం వచ్చేస్తున్నాం.

మన దళాలు ఒక్కో చోటు ఖాళీ చేస్తుంటే టైగర్లు వెనకాలే వచ్చారు. ఈ పిల్లల్ని చానామందిని చంపారు, మిగతావాళ్ళు ఆయుధాలు పారేసి పారిపోయారు. పెరుమాళ్‌ని, ఆయన పార్టీ వాళ్ళని కొందరిని ఓడల్లో మన దేశానికి తెచ్చి ఒడిశాలో ఉంచారు. ఆ పార్టీ నాయకుడు పద్మనాభను 1990 జూన్‌లో చెన్నైలోనే కాల్చి చంపారు. పదవుల్లో ఉన్నవాళ్ళకే ఆ గతి పడితే, సెట్ పట్టుకున్న పిల్లోడి సంగతి చెప్పేదేముంది.

మార్చి 24న ఆఖరి ఓడ త్రికోణమలి వదిలింది. ఓడల్లో బండ్లు ఎక్కించాం, టెంట్లు ఎక్కించాం, వంట పాత్రలు కూడా లెక్కపెట్టి ఎక్కించాం. ఆ పిల్లలకి చోటు ఉందా అని అడిగే అధికారం నాయక్‌కి ఉండదు. అడిగే అధికారం ఉన్నవాళ్ళు అడిగారా అన్నది నేను ఇన్నేళ్ళూ ఆలోచిస్తున్నాను.

మేడమ్, మీ పిల్లలు పిలిస్తే కాలేజీకి వస్తాను. ఒక షరతు. నాకు శాలువా, సన్మానం వద్దు. పోటీ నియమాల్లో ఒకటి చేర్చండి. సైన్యాన్ని పంపాలి అని వాదించే పిల్లలు ఆ దేశంలో మనతో పనిచేసినవాళ్ళని ఎట్లా బయటికి తెస్తారో చెప్పాలి. పంపకూడదు అని వాదించేవాళ్ళు ఆ కిగాలీ బడి దగ్గర ఏం చేసి ఉండాలో చెప్పాలి. జవాబు చెప్పనివాళ్ళకి మార్కులు వేయొద్దు.

శేషాచలం_చల్లగాలి · గురువారం, రాత్రి 9:10

నియమం చేర్చాను అన్నా. పిల్లలకి ఈ రాత్రే పంపుతున్నాను. పోటీ వచ్చే శనివారం ఉదయం 10 గంటలకి. తడ తమ్ముడు కూడా రావాలి, వీలైతే క్యాంపు కుర్రాళ్ళలో ఒకరిని తీసుకురండి. హాజరు తీసుకునే రోజు శనివారమే అయితే చెప్పండి, తేదీ మారుస్తాను.

తడ_సరిహద్దు · గురువారం, రాత్రి 9:35

శనివారం ఇబ్బంది లేదమ్మా. ఇద్దరు వస్తామన్నారు. బయటికి రావడానికి క్యాంపులో కాగితం రాయించుకోవాలి, మీ కాలేజీ నుంచి ఆహ్వాన పత్రం ఒకటి ముద్ర వేసి పంపండి.